ప్రశ్న నుంచి పేరా దాకా: డిగ్రీ విద్యార్థులకు వ్యాసం రాయడం నేర్పే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల డిగ్రీ కళాశాలల్లో చరిత్ర, రాజనీతి, ఆర్థిక శాస్త్రం, తెలుగు బోధించే అధ్యాపకుల కోసం ఇది రాస్తున్నాను. మన తరగతులకు వచ్చే పిల్లలు తెలివిలో ఎవరికీ తీసిపోరు. ఇంట్లో పంట ఖర్చుల లెక్క చూస్తారు, బ్యాంకు కాగితాలు నింపుతారు, ఊళ్లో తగాదా వస్తే ఎవరి మాటలో పస ఉందో చెప్పగలరు. వ్యాసం రాయమనగానే మాత్రం గైడులోని నాలుగు పేజీలు గుర్తు తెచ్చుకుని దింపేస్తారు. ఇంటర్మీడియట్ రెండేళ్లూ బిట్లు, ముఖ్యమైన ప్రశ్నలు, బట్టీ పట్టిన జవాబులతోనే గడిచిపోయాయి. ఒక మాట అని, దానికి కట్టుబడి, ఆధారం చూపించే అవకాశం వాళ్లకు దొరకలేదు. అది మన తరగతిలోనైనా దొరకాలి.

ఉపోద్ఘాతం, ఉపశీర్షికలు, ముగింపు అనే చట్రం ముందే చేతికిచ్చి అందులో విషయం నింపమంటే గైడు పేజీలే తిరిగి వస్తాయి. విద్యార్థి దగ్గర ముందుగా ఒక ప్రశ్న, దానికి తనదైన జవాబు ఉండాలి. జవాబు ఉన్నప్పుడు దాన్ని నిలబెట్టడానికి ఏ కారణం ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అన్న ఆలోచన దానంతట అదే మొదలవుతుంది. వ్యాసానికి నిర్మాణం ఇచ్చేది ఆ ఆలోచనే. కింద చెప్పే మెట్లన్నీ దాన్ని రప్పించడానికే.

ఉదాహరణగా చివరిదాకా ఒకే విషయం తీసుకుంటాను: కర్నూలు–కడప కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని, కర్నూలులో హంద్రీని దాటి, నంద్యాల మీదుగా కడప దాకా వెళ్లే కె.సి. కాలువను మన పిల్లల్లో చాలామంది రోజూ చూస్తూనే ఉంటారు.

మొదటి మెట్టు: అంశాన్ని ప్రశ్నగా మార్చడం

ఏదైనా అంశం ఎంచుకోమంటే విద్యార్థులు 'రాయలసీమ కరువులు', 'శ్రీబాగ్ ఒడంబడిక', 'కె.సి. కాలువ' అని రాసుకొస్తారు. ఇవి పుస్తకాలకు శీర్షికలు. వెయ్యి మాటల వ్యాసం వీటి మీద రాయడం ఎవరి వల్లా కాదు. మొదటి తరగతి మొత్తం వీటిని ప్రశ్నలుగా మార్చడానికే కేటాయించండి.

బోర్డు మీద 'శ్రీబాగ్ ఒడంబడిక' అని రాయండి. తెలిసిన సంగతులు పిల్లలనే చెప్పమనండి: 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరింది; రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే అవకాశం రాయలసీమకు ఇచ్చింది; నదీజలాల్లో సీమకు ప్రాధాన్యం ఉండాలంది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిందని మరొకరు అంటారు. ఇప్పుడు మీరు అడగండి: "కర్నూలు రాజధాని కావడంతో ఒడంబడిక అమలైనట్టేనా?" తరగతి రెండుగా చీలుతుంది. రాజధాని వచ్చింది కదా అని కొందరు, నీళ్ల మాట ఏమైందని కొందరు, ఆ రాజధాని కూడా 1956లో హైదరాబాదుకు వెళ్లిపోయింది కదా అని ఇంకొందరు. ఆ వాదులాటను పది నిమిషాలు సాగనివ్వండి. అంశానికీ ప్రశ్నకూ తేడా ఏమిటో ఆ పది నిమిషాల్లో తెలిసినంతగా ఏ నిర్వచనంతోనూ తెలియదు.

అనంతపురం పిల్లలకైతే వేరుశనగ ఉంది. 'అనంతపురం జిల్లాలో వేరుశనగ సాగు' అన్నది అంశం. 'ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, అదీ నమ్మకం లేని వాన పడే చోట, రైతు ఇన్ని దశాబ్దాలు వేరుశనగనే ఎందుకు పట్టుకున్నాడు?' అన్నది ప్రశ్న. దీనికి జవాబు వెతికే విద్యార్థి ఎర్రనేల గురించి, అప్పు గురించి, పశువుల మేతకు పనికొచ్చే వేరుశనగ కట్టె గురించి, నూనె మిల్లుల గురించి ఆలోచించక తప్పదు.

ప్రశ్నను ఖాయం చేసే ముందు మూడు విషయాలు చూడండి. తెలివైన ఇద్దరు దానికి వేర్వేరు జవాబులు ఇవ్వగలగాలి. అందుబాటులో ఉన్న గ్రంథాలయంలో దానికి ఆధారాలు దొరకాలి. ఇచ్చిన పేజీల్లో అది తేలాలి. మూడోదాని దగ్గరే పిల్లలు ఎక్కువగా తడబడతారు కాబట్టి ప్రశ్నలో ఒక ఊరో, ఒక కాలమో, ఒక పంటో ఉండేలా చూడండి.

రెండో మెట్టు: జవాబును ఒక్క వాక్యంలో చెప్పించడం

ఈ వాక్యాన్ని ప్రతిపాదన అందాం. వ్యాసం మొత్తం దీన్ని నిలబెట్టడానికే ఉంటుంది. కె.సి. కాలువ తవ్వించిన కంపెనీకి ఎందుకు నష్టం వచ్చిందన్నది ప్రశ్న అనుకుంటే, విద్యార్థుల నుంచి సాధారణంగా ఇలాంటి వాక్యాలు వస్తాయి.

"కె.సి. కాలువ రాయలసీమకు ఎంతో ముఖ్యమైనది." దీన్ని కాదనేవారు ఎవరూ ఉండరు. కాబట్టి రుజువు చేయడానికీ ఏమీ లేదు.

"కె.సి. కాలువను మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది." ఇది వాస్తవం. ఆధారంగా పనికొస్తుంది, ప్రతిపాదనగా పనికిరాదు.

"సీమ రైతులను దోచుకోవడానికే బ్రిటిష్ వాళ్లు కాలువ తవ్వారు." ఇందులో పట్టుదల ఉంది, అది మంచిదే. కానీ 'దోచుకోవడానికే' అన్నప్పుడు తవ్వించినవాళ్ల ఉద్దేశాన్ని రుజువు చేయాల్సి వస్తుంది. ఆ విద్యార్థి చేతిలో అందుకు తగిన పత్రాలు లేవు.

"కె.సి. కాలువ మీద కంపెనీ నష్టపోయింది కాలువలో నీళ్లు లేక కాదు. నల్లరేగడి రైతుకు ప్రతి ఏడూ కాలువ నీటి అవసరం ఉండదన్న సంగతి దాని లెక్కల్లో లేకపోవడం వల్ల." ఇది ప్రతిపాదన. ఒప్పుకోనివాళ్లు ఉంటారు, ఆధారాలు వెతకవచ్చు, ఏయే పేరాలు రావాలో కూడా వాక్యంలోనే కనిపిస్తోంది.

దీన్ని పరీక్షించడానికి తరగతిలో ఒక అభ్యాసం పెట్టండి. ప్రతి ఒక్కరూ తమ వాక్యం చదవాలి. పక్కనున్నవారు "కాదు, ఎందుకంటే..." అని మొదలుపెట్టి జవాబివ్వాలి. పక్కవారికి అనడానికి ఏమీ తోచకపోతే ఆ వాక్యం తిరగరాయాలి. రాస్తూ పోతుంటే ప్రతిపాదన మారవచ్చని కూడా ముందే చెప్పండి. ఆధారాలు చూశాక జవాబు మార్చుకున్న విద్యార్థిని అందరి ముందూ మెచ్చుకోండి. మొదట అన్న మాటనే పట్టుకుని వేలాడడం పరువు అనుకునే పిల్లలు చాలామంది ఉన్నారు.

మూడో మెట్టు: ఆధారాలు, చీటీలు

పోస్టుకార్డు అంత చీటీలు కోయించండి. ఒక చీటీ మీద ఒకే విషయం ఉండాలి. పైన ఆ పుస్తకం పేరు, పేజీ సంఖ్య. మధ్యలో సమాచారం; పుస్తకంలోని మాటలే తీసుకుంటే కొటేషన్ గుర్తుల మధ్య. కింద 'దీని వల్ల నాకు తెలిసింది' అని విద్యార్థి సొంత వాక్యం ఒకటి. ఈ కింది వాక్యం లేని చీటీని ఒప్పుకోకండి. చదివిన దాన్ని తన మాటల్లో చెప్పలేకపోతే అది ఇంకా అర్థం కాలేదనే లెక్క.

ఎక్కడ వెతకాలో కూడా చూపించాలి. పిల్లలను ఒకసారి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి స్వయంగా తీసుకెళ్లండి. బ్రిటిష్ కాలం నాటి జిల్లా మాన్యువళ్లు, గెజిటీర్లు ఇంటర్నెట్‌లో స్కాన్ ప్రతులుగా దొరుకుతాయి. కడపకు దగ్గరలో ఉన్నవాళ్లు సి.పి. బ్రౌన్ పేరుతో ఉన్న భాషా పరిశోధన కేంద్రానికి తప్పక వెళ్లాలి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చి, తర్వాత తన బంగళాలో పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికిన వేర్వేరు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి చూపించాడు. ఒక్క ప్రతిని నమ్మి ఊరుకోకూడదన్న పాఠం మన పిల్లలకు అక్కడ కళ్లెదుటే దొరుకుతుంది.

పెద్దవాళ్ల మాటలు కూడా ఆధారాలే. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద గురించి రాసే విద్యార్థికి పాతబస్తీలో ఇల్లు మునిగినవాళ్ల జ్ఞాపకం విలువైనది. ఎవరు చెప్పారు, ఆ రోజు ఎక్కడ ఉన్నారు, కళ్లారా చూశారా, విన్నారా అన్నవి చీటీ మీద రాయాలి. అయితే ఏ ఆధారం ఏ కాలానికి చెల్లుతుందో తేల్చుకోవడం నేర్పండి. ఈనాటి కె.సి. ఆయకట్టు రైతు చెప్పిన మాట ఈనాటి సాగుకు గట్టి ఆధారం; 1870ల నాటి రైతు ఏమనుకున్నాడో చెప్పడానికి అది చాలదు.

నాలుగో మెట్టు: తలవాక్యాలు వరుస పెట్టడం

వ్యాసం మొదలుపెట్టక ముందు ప్రతి పేరాకూ ఒక తలవాక్యం రాయించండి. 'నేలల స్వభావం' అని శీర్షిక రాస్తే ఒప్పుకోవద్దు, పూర్తి వాక్యమే కావాలి. మన కాలువ వ్యాసానికి తలవాక్యాలు ఇలా రావచ్చు:

– కాలువ వస్తే రైతులు ఏటా నీళ్లు కొంటారన్న నమ్మకం మీదే కంపెనీ లెక్క నిలబడింది.
– కాలువ సాగే దారిలో పెద్ద భాగం నల్లరేగడి.
– వానలు బాగున్న ఏడు రేగడి రైతుకు కాలువ నీటితో పెద్దగా పని ఉండదు.
– పెట్టుబడి మీద వడ్డీకి ప్రభుత్వమే హామీ ఇవ్వడంతో రైతు అవసరాన్ని ముందే కనుక్కోవాలన్న ఒత్తిడి కంపెనీ మీద లేదు.
– నిర్మాణ ఖర్చు పెరగడమే నష్టానికి కారణమన్న వాదన కొంతవరకే నిజం.

వీటిని మాత్రమే గట్టిగా చదివించండి. వాదన మొత్తం చెవికి అందాలి. తర్వాత ఏవైనా రెండు వాక్యాల స్థానాలు మార్చి మళ్లీ చదివించండి. మార్చినా తేడా తెలియకపోతే వాటి మధ్య సంబంధం ఇంకా కుదరలేదని అర్థం. పై వరుసలో రెండో వాక్యం లేకుండా మూడోది నిలవదు. అలాంటి బిగింపు ఉండాలి. చట్రం ఇక్కడే తయారైపోయింది కాబట్టి ఈ పేజీ చూసి సంతకం పెట్టాకే రాతకు దిగనివ్వండి. మీకు ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పడుతుంది. తర్వాత దిద్దేటప్పుడు ఎంతో సమయం మిగులుతుంది.

ఐదో మెట్టు: పేరా

ఎక్కువ కాలం గడపాల్సింది ఇక్కడే. పూర్తి వ్యాసం అడగడానికి ముందు కొన్ని వారాలపాటు వారానికొక పేరా మాత్రమే రాయించండి. విద్యార్థుల రాత సాధారణంగా ఇలా ఉంటుంది:

"కె.సి. కాలువ చాలా పెద్ద కాలువ. ఇది సుంకేసుల వద్ద ప్రారంభమవుతుంది. ఇది బ్రిటిష్ వారి కాలంలో నిర్మింపబడినది. రైతులు నీటిని వాడుకోలేదు. కాబట్టి కంపెనీ నష్టపోయింది. 1882లో ప్రభుత్వం దీనిని కొనుగోలు చేసినది. నేడు ఎందరో రైతులు దీనిపై ఆధారపడి జీవిస్తున్నారు."

ఇందులో అబద్ధం ఏమీ లేదు, కానీ వాక్యాలు ఒకదాన్నొకటి పట్టించుకోవడం లేదు. అసలు ప్రశ్న 'రైతులు ఎందుకు వాడుకోలేదు' అన్నది. సరిగ్గా దాని మీదుగానే విద్యార్థి దూకేశాడు. ఎర్ర సిరాతో 'ఇంకా వివరించాలి' అని రాస్తే అతనికి ఏమీ అందదు. పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ప్రశ్నలు వేయండి: ఈ పేరాలో నువ్వు చెప్పదలచుకున్న ఒక్క మాట ఏమిటి? అది నీకెలా తెలుసు? ఆ ఆధారం నీ మాటను ఎలా బలపరుస్తుంది? దీని వల్ల నీ ప్రతిపాదనకు ఏమి ఒరిగింది? ఇలా అడుగుతూ పోతే అదే విద్యార్థి రెండు మూడు ప్రతుల తర్వాత ఇలా రాయగలడు:

"కాలువ పక్కనే ఉన్నా రేగడి రైతు ప్రతి ఏడూ నీళ్లు తీసుకోవాల్సిన అవసరం లేదు. నల్లరేగడి ఒకసారి బాగా తడిస్తే చాలాకాలం తేమ నిలుపుకుంటుంది. జొన్న, పత్తి వంటి మెట్ట పైర్లు ఆ తేమతోనే చేతికొస్తాయి. అలాంటి పొలానికి కాలువ నీళ్లు పెట్టాలంటే నేల చదును చేయాలి, గట్లు వేయాలి, పైగా నీటి తీరువా కట్టాలి. వానలు సరిగా కురిసిన ఏడు ఈ ఖర్చుకు తగ్గ లాభం రైతుకు కనిపించదు. కంపెనీకి మాత్రం వాన పడినా పడకపోయినా ఏటా ఆదాయం రావాలి. ఇద్దరి అవసరాల మధ్య ఉన్న ఈ తేడా వల్లే కాలువ పారుతున్నా కంపెనీకి అనుకున్న రాబడి రాలేదు."

మొదటి వాక్యం మాట ఇచ్చింది. రెండు, మూడు వాక్యాలు ఆధారం చూపాయి. నాలుగు, ఐదు, ఆరు ఆ ఆధారాన్ని విప్పి చెప్పాయి. చివరిది ప్రతిపాదనకు ముడి వేసింది. సుంకేసుల, 1882 ఉపోద్ఘాతంలోకి వెళ్లాయి. ఈ రెండు పేరాలను పక్కపక్కన అచ్చు వేయించి అందరికీ పంచండి. ఏ వాక్యం ఏ పని చేస్తోందో పిల్లలనే గుర్తు పెట్టమనండి. ఈ అభ్యాసానికి ఒక పీరియడ్ మొత్తం ఇచ్చినా నష్టం లేదు.

భాష గురించి రెండు మాటలు ఇక్కడే చెప్పాలి. 'నిర్మింపబడినది', 'అమలు చేయబడినది' అని రాస్తే పెద్దరికం వస్తుందని పిల్లలు అనుకుంటారు. ఆ 'బడు' వెనక చేసినవాళ్లు కనబడకుండా పోతారు. ఎవరు నిర్మించారని అడగండి. 'మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది' అనక తప్పదు, వాక్యం గట్టిపడుతుంది. రెండోది అసమాపక క్రియలు. 'కంపెనీ కాలువ తవ్వించి, రైతులు నీళ్లు వాడలేదు' వంటి వాక్యాలు కుప్పలుగా వస్తాయి. తవ్వించింది ఒకరు, వాడనిది మరొకరు. '-ఇ' తో వాక్యం నడిపితే చివరిదాకా కర్త ఒక్కరే ఉండాలని, కర్త మారితే 'తవ్వించినా' అనో, 'తవ్వించింది. కానీ' అనో మలుపు చూపాలని చెప్పండి. ఈ ఒక్క దిద్దుబాటుతో సగం వ్యాసాలకు స్పష్టత వస్తుంది.

ఆరో మెట్టు: ఎదురువాదన

మన పిల్లలకు ఇది కొత్త. ఎదుటివారి వాదన రాస్తే తమది బలహీనపడుతుందని భయపడతారు. నిజానికి చదివేవారి మనసులో ఆ అభ్యంతరం ఎలాగూ ఉంటుంది. దాన్ని పట్టించుకోని వ్యాసాన్నే వాళ్లు నమ్మరు.

కాలువ వ్యాసానికి వచ్చే గట్టి అభ్యంతరం ఖర్చు గురించి. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ డబ్బు చాలక కంపెనీ మళ్లీ ప్రభుత్వం దగ్గరే అప్పు చేయాల్సి వచ్చింది. అటువంటప్పుడు రైతులు నీళ్లు కొన్నా నష్టమే వచ్చేది కదా? ఈ వాదనను పలచబరచకుండా, అది నమ్మేవారు చెప్పినంత బలంగా రాయించండి. తర్వాత అందులో నిజం ఎంతో ఒప్పుకోవాలి: ఖర్చు అంచనా దాటిన మాట నిజం. ఆ తర్వాత తన మాట ఇంకా ఎందుకు నిలుస్తుందో చెప్పాలి: తీరువా అనుకున్నంత వచ్చి ఉంటే కాలక్రమంలో అప్పు తీర్చే దారి ఉండేది, ఆ దారి మూసుకుపోవడానికి కారణం పొలంలోనే ఉంది.

ఇంకో అడుగు వేయించండి. ప్రతిపాదన నిజమైతే కరువు వచ్చినప్పుడు కాలువ నీటికి గిరాకీ పెరగాలి. 1876–78 కరువు సంవత్సరాల్లో ఆయకట్టు ఎంత ఉందో, దానికి ముందు, తర్వాత ఎంత ఉందో వెతకమనండి. తన మాట తప్పయ్యే అవకాశం ఉన్న చోటికి తానే వెళ్లి చూసే విద్యార్థి పరిశోధన వైపు అడుగు వేసినట్టే.

ఉపోద్ఘాతం, ముగింపు

రెండూ చివర్లోనే రాయించండి. ఉపోద్ఘాతంలో ప్రశ్న, దానికి కావాల్సినంత నేపథ్యం, ప్రతిపాదన ఉంటే చాలు. 'అనాదిగా మానవుడు నీటిపై ఆధారపడి జీవిస్తున్నాడు' వంటి వాక్యాలు కొట్టేయండి. ముగింపులో కొత్త ఆధారం రాకూడదు, నీతి చెప్పకూడదు. వాదన వల్ల ఏమి తేలిందో, ఏ ప్రశ్న మిగిలిందో చెబితే సరిపోతుంది.

చిత్తుప్రతి, దిద్దుబాటు, నకలు

చిత్తుప్రతి లేకుండా సాపు ప్రతి తీసుకోకండి. చిత్తు వచ్చాక విద్యార్థి చేతే ప్రతి పేరా పక్కన, అందులో ఏముందో ఆరేడు మాటల్లో రాయించండి. రెండు విషయాలు రాయాల్సి వస్తే పేరాను విడగొట్టాలి. ఏమీ తోచకపోతే తీసేయాలి. ఈ పని మీరు చేయడం కంటే వాళ్లు చేసుకోవడమే మేలు.

మీరు దిద్దేటప్పుడు ప్రతి తప్పునూ పట్టుకోవద్దు. పేజీ నిండా ఎర్ర గీతలు చూసిన పిల్లలు, ముఖ్యంగా ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్లు, తమకు రాయడమే రాదని నిర్ణయించుకుంటారు. చిత్తులో వాదన గురించే మాట్లాడండి: ఒక బలం, రెండు సవరణలు, అంతే. అక్షర దోషాలు సాపు ప్రతికి వదిలేయండి. అరవై మంది ఉన్న తరగతిలో అందరి చిత్తులూ ఒకేసారి చూడలేరు కాబట్టి నలుగురేసి జట్లు చేసి, ఒకరి ప్రతిని ఒకరు పైన చెప్పిన నాలుగు ప్రశ్నలతో చదివేలా చేయండి. మీరు వారానికి కొన్ని జట్ల చొప్పున చూడవచ్చు.

నకలు విషయంలో బెదిరింపుల కంటే చీటీలే ఎక్కువ పని చేస్తాయి. వ్యాసంతో పాటు చీటీలు, తలవాక్యాల పేజీ, చిత్తుప్రతి కలిపి ఇవ్వాలన్న నియమం పెట్టండి. ఫోనులో కృత్రిమ మేధతో రాయించుకొచ్చిన వ్యాసానికి ఈ వెనక కాగితాలు ఉండవు. ఉన్నా, రెండు నిమిషాలు మాట్లాడితే తెలిసిపోతుంది. మూలం పేరు ఎప్పుడు చెప్పాలో కూడా స్పష్టంగా చెప్పండి: ఇతరుల మాటలు వాడినప్పుడే కాదు, వారి ఆలోచన తీసుకుని మన మాటల్లో రాసినప్పుడు కూడా.

మార్కులు

మార్కులు ఎలా వేస్తారో మొదటి రోజే కాగితం మీద ఇవ్వండి. ఇరవై మార్కులైతే ప్రతిపాదనకు 4, ఆధారాలకు 6, పేరాల నిర్మాణానికి 5, ఎదురువాదనకు 3, భాషకు 2 అన్న పంపకం నాకు నచ్చింది. భాషకు తక్కువ ఇవ్వడం మీద అభ్యంతరం చెప్పేవారున్నారు. కానీ తెలుగు మాధ్యమం నుంచి, ఉర్దూ మాధ్యమం నుంచి, ఇంగ్లీషు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే కర్నూలు, కడప కళాశాలల్లో భాషకు పెద్దపీట వేస్తే కొందరి ఆలోచన లెక్కలోకి రాకుండానే పోతుంది. పేరా దిద్దే కొద్దీ భాష ఎలాగూ మెరుగవుతుంది.

మార్కులు వేసి తిరిగి ఇచ్చాక, అందరి చేతా తమ వ్యాసంలో అన్నిటికన్నా బలహీనమైన పేరాను వారం లోపు తిరగరాయించండి. పాతదీ కొత్తదీ కలిపి తీసుకోండి. మెరుగుపడితే మార్కు పెంచి రిజిస్టరులో ఎక్కించండి, ఎక్కించినట్టు ఆ విద్యార్థికి చెప్పండి.